అద్దాలు దించని కారు

మా ఆయన సత్తిబాబు పటేల్‌గూడ దగ్గర పెద్ద ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. బోల్టులున్న ప్రతి వస్తువూ తన మాట వినాలని ఆయన నమ్మకం. నాకు బోల్టులు లేవు కాబట్టి నేను వినను. మా తెల్లకారుకి ఉన్నాయి గానీ, ఈమధ్య అది కూడా వినడం మానేసింది.

పొద్దున్నే తాళం తిప్పగానే ఒళ్లంతా వణికేది. పరిగెత్తుతున్నంతసేపూ బాగానే ఉండి, ఎక్కడైనా ఆగితే చాలు, చలిజ్వరం వచ్చిన మనిషిలా కుదిపేసేది. వెనక గొట్టంలోంచి పొగ. ఆ పొగకి మా గేటు పక్క గోడ మసిబారిపోయింది, సర్ఫు పెట్టి రుద్దినా వదల్లేదు.

"ఏమండీ, మెకానిక్‌కి చూపించండి" అన్నాను.

"నేనుండగా మెకానిక్కేంటే? నలుగురు వింటే నవ్వుతారు" అన్నాడు.

ప్లగ్గులు ఊడదీసి గరుకు కాగితంతో రుద్దాడు. ఫిల్టరు తీసి నా ఉతికిన దుప్పటి మీద దులిపాడు. అయినా కారు కుదుపు కుదుపే. చివరికి నా పోరు పడలేక బీరంగూడలో షెడ్డున్న అంజయ్యను పిలిచాడు. అంజయ్య వచ్చి గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

"రింగులు పోయినయ్ సార్. ఆయిల్ మండుతున్నది. ఇంజన్ దించాలె."

"ఆయిల్ మండితే పొగ నీలంగా ఉంటుందయ్యా. ఇది నలుపు. పెట్రోలు ఎక్కువ తాగుతోంది, అంతే."

"నీలమే సార్. జెర ఎండకు అడ్డం కూసోని సూడుండ్రి."

ఇద్దరూ కారు వెనక గొంతుక్కూర్చుని పొగ రంగు మీద పంచాయితీ పెట్టుకున్నారు. పెళ్లిచీర రంగు మీద కూడా అంత వాదన జరగదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు మా ఆయనకి. "వయసైపోయిన ఇంజను, పొద్దున్నే నేను దగ్గట్లేదా? అదీ అంతే" అని తేల్చేశాడు. అంజయ్య చేతులు తుడుచుకుని, "మీ ఇష్టం సార్" అని వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లోనే మా కోడలు నాగవల్లికి తలనొప్పి మొదలైంది.

నాగవల్లి పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీలో, ల్యాబులో పనిచేస్తుంది. మా అబ్బాయి పవన్ ఒరిస్సాలో సైటు మీద ఉన్నాడు కాబట్టి పిల్ల మా దగ్గరే ఉంటోంది. రోజూ మావగారే కార్లో దింపి, సాయంత్రం మళ్లీ తీసుకొస్తాడు. కంపెనీ చేరేసరికి తల పగిలిపోతోందనేది. కడుపులో తిప్పుతోందనేది. మధ్యాహ్నానికి కాస్త తేలికపడేది, సాయంత్రం ఇంటికొచ్చేసరికి మళ్లీ గోడ పట్టుకుని నడిచేది.

మా వైపు తలనొప్పి వస్తే ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. ఇస్నాపూర్ చౌరస్తా దాటితే ముక్కు మూసుకోవాల్సిందే. ఓ రోజు కుళ్లిన గుడ్ల కంపు, ఓ రోజు గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు ఘాటు. డాక్టరు కూడా ఊరి పేరు వినగానే తలూపి, మాత్రలు రాసి పంపేశాడు. ఫ్యాక్టరీ గాలి పడట్లేదని ఇంట్లో అందరం తీర్మానించుకున్నాం.

మా ఆయనకి కోడలంటే ప్రాణం. ఆడపిల్లలు లేని ఇల్లు మాది. ఆ పిల్లకి కంపుగాలి తగలకూడదని కంకణం కట్టుకున్నాడు. పటాన్‌చెరు వెళ్లి రబ్బరు బీడింగు కొనుక్కొచ్చి, నాలుగు తలుపుల అంచులకీ జిగురు పూసి మరీ అంటించాడు. ముందు గాలొచ్చే రంధ్రాలకి ప్లాస్టరు వేశాడు. వెనక అద్దాలు దించే హ్యాండిళ్లు ఊడబీకి డ్యాష్‌బోర్డులో పడేశాడు, పొరపాటున కూడా ఎవరూ దించకూడదని. ఏసీ ఎప్పుడో చచ్చింది. చలికాలం కాబట్టి ఎవరికీ ఉక్క తెలియలేదు.

అంత చేశాక తలనొప్పి తగ్గాలి కదా? పెరిగింది.

"చూశావా, బయట ఎంత విషముందో! ఇంత బిగించినా దూరుతోంది" అని వెనక తలుపులకి ఇంకో వరస బీడింగు వేశాడు.

నాకు భయం పట్టుకుంది. పిల్ల పీక్కుపోయింది. "ఉద్యోగం మానెయ్యి తల్లీ. ప్రాణం కంటే ఎక్కువా?" అని రోజూ వెంటపడ్డాను. తను ఒప్పుకునేది కాదు.

"నేను సరే అంటేగానీ అక్కడ మందు గేటు దాటదు అత్తయ్యా. ఆ పనంటే నాకిష్టం" అనేది.

కానీ ఆ సోమవారం పొద్దున్న వంటింటి గట్టు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇంక నా వల్ల కాదు. ఇవాళ చెప్పేసి వచ్చేస్తాను" అంది. దారిలో మనసు మార్చుకుంటుందేమోనని, ఒంటరిగా ఏడుస్తుందేమోనని, నేనూ వస్తానని చీర మార్చుకున్నాను.

నాగవల్లి ఎప్పుడూ వెనకే కూర్చుంటుంది. మావగారి పక్కన ముందు సీట్లో కూర్చోవడమంటే దానికి మొహమాటం. నేను ముందు కూర్చున్నాను. పటాన్‌చెరు దాటాం. ఇస్నాపూర్ చౌరస్తాకి కాస్త ఇవతల బళ్లన్నీ ఆగిపోయాయి. ముందెక్కడో కంటైనరు అడ్డం తిరిగిందట. ఎడమవైపు సిమెంటు లారీ, కుడివైపు సంగారెడ్డి బస్సు. మధ్యలో మా కారు గడగడలాడుతూ నిలబడింది.

"ఇంజను ఆపండి" అన్నాను.

"ఆపితే మళ్లీ స్టార్టవదే. వెనకవాళ్లు తిడతారు."

అలా చాలాసేపు గడిచింది. నా కణతల దగ్గర నొప్పి మొదలైంది. మొదట ఖాళీ కడుపు వల్లేమో అనుకున్నాను. తర్వాత కళ్లు బరువెక్కాయి. నాకు పగటి నిద్ర అలవాటు లేదు. పెళ్లైన కొత్తలో కూడా మధ్యాహ్నం కునుకు తీసి ఎరగను. అలాంటిది తల సీటుకి ఆనితే చాలు, హాయిగా ఉంటుందనిపించింది.

అప్పుడు తట్టింది నాకు. నేను ఏ ఫ్యాక్టరీ గుమ్మమూ తొక్కలేదు. కంపు వచ్చే చోటు ఇంకా రానేలేదు. మరి నాకెందుకీ తలనొప్పి?

"నాగా" అని వెనక్కి తిరిగాను.

తల అద్దానికి ఆనించి ఉంది. నోరు తెరుచుకుంది. ఫోను ఒళ్లోంచి జారి కింద పడి ఉంది.

"నాగా! ఒసే నాగవల్లీ!"

పలకలేదు. మోకాలు పట్టుకుని కుదిపాను. తల అటు వాలిపోయింది, అంతే. ఓరి భగవంతుడా!

"ఏమండీ! పిల్లని చూడండి!"

మా ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. "ఆఁ... పడుకోనీ" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. ఆ కళ్లు చూశాక నాకు ఆయన మీద కూడా భయమేసింది. చెయ్యి చాపి ఆయన వైపు అద్దం దించేసి, నా తలుపు తోసుకుని దిగాను. కాళ్లు తూలాయి. లారీకీ కారుకీ మధ్య పక్కకి తిరిగి దూరి, వెనక తలుపు పట్టుకుని లాగాను.

రాలేదు. రోజూ మా ఆయన బలమంతా పెట్టి లాగే తలుపది, జిగురు పూసిన రెండు వరసల బీడింగు దాన్ని గోడలా కరుచుకుని కూర్చుంది. అద్దం దించుదామంటే లోపల హ్యాండిలే లేదు. అద్దం అవతల పిల్ల మొహం నాకు జానెడు దూరంలో ఉంది. అద్దం మీద గుద్దాను. కాలు కారుకి తన్నిపెట్టి లాగాను. ఏడుస్తూ లాగాను.

రోడ్డు పక్క చాయ్ బండి మొగులమ్మ నా కేకలు విని గిన్నె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా? జరుగు, ఇద్దరం గుంజుదాం!" అంది. ఇద్దరం ఒక్కసారి లాగితే రబ్బరు పరపరమని చినిగి తలుపు తెరుచుకుంది. నాగవల్లి మా చేతుల్లోకి వాలింది. లాక్కెళ్లి చాయ్ బండి పక్క బల్ల మీద పడుకోబెట్టాం. చుట్టూ జనం మూగారు.

"ఏయ్, దూరం జరుగుండ్రి! గాలి ఆడనియ్యిండ్రి!" మొగులమ్మ అరుస్తోంది. "బిడ్డా, కండ్లు తెరువు బిడ్డా!"

మొహాన నీళ్లు కొట్టాను. గాలి ఇటు తిరిగినట్టుంది, ఎక్కడి నుంచో కుళ్లిన గుడ్ల కంపు వచ్చి పడింది. ఆ కంపునే నాగవల్లి గొంతు గురకపెడుతూ ఛాతీ నిండా పీల్చింది. దగ్గింది. పక్కకి తిరిగి భళ్లున వాంతి చేసుకుంది. తర్వాత నన్ను చూసి, "అత్తయ్యా" అంది. ఆ కంపుకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు, ఒట్టు.

పిల్లని మొగులమ్మకి అప్పగించి కారు దగ్గరికి వెళ్లాను. మా ఆయన అప్పుడే దిగి, తలుపు పట్టుకుని ఊగుతున్నాడు. ఇంజను ఇంకా గడగడలాడుతూనే ఉంది. నాగవల్లి ఫోను తీద్దామని వెనక సీటు కిందకి వంగాను.

కాళ్ల కింద మ్యాటు కదులుతోంది. ఇంజను కుదిపినప్పుడల్లా మ్యాటు మూల కొంచెం లేచి పడుతోంది. చెయ్యి పెట్టాను. వేడిగా ఊపిరి తగిలింది. మ్యాటు ఎత్తితే తుప్పు తిన్న రేకులో అరచేతి మేర కన్నం. అందులోంచి కారు పొగ లోపలికి వస్తోంది.

"ఇలా రండి" అన్నాను మా ఆయన్ని. "మీ పొగ ఇక్కడుంది."

ఆయన వంగి చూశాడు. చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత తను అంటించిన బీడింగుని, ప్లాస్టర్లని, హ్యాండిల్ లేని తలుపుని ఒక్కొక్కటే చూశాడు. ఇంజను ఆపి, తాళం నా చేతిలో పెట్టి రోడ్డు మీదే కూలబడిపోయాడు.

పటాన్‌చెరులో ఒక ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. మా ఇద్దరికీ త్వరగానే తీసేశారు. నాగవల్లికి మర్నాటి దాకా ఉంచారు. ఇంకాస్త సేపు ఆ కార్లోనే ఉండుంటే పిల్ల మాకు మిగిలేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటకి మా ఆయన వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

ఆసుపత్రి నుంచి ముగ్గురం ఇంటికి వస్తుంటే ఆటోని అంజయ్య షెడ్డు దగ్గర ఆపించింది నాగవల్లి. చూడాలి అంది. రోడ్డు మీద వదిలేసిన కారుని అంజయ్య లాక్కొచ్చి పైకెత్తి ఉంచాడు. వెనక సీటు కింద సరిగ్గా కన్నానికి దిగువన పొగగొట్టం చిల్లు పడి ఉంది. ప్లగ్గుకి కరెంటు తెచ్చే తీగ ఒకటి చిట్లిందట. అందుకే ఇంజను కుదుపు, అందుకే సగం కాలిన పెట్రోలు పొగ.

"రింగులు కాదు, ఏం కాదు సార్" అన్నాడు అంజయ్య తల దించుకుని. "నేను గూడ కిందికి సూడలే. పొగ రంగు మీదనే కొట్లాడినం."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఊళ్లో ఉన్న ఫ్యాక్టరీలన్నిటినీ తిట్టుకున్నాం, మా కారుని తప్ప. కారు కిందకి దించాక మా ఆయన తలుపు దగ్గర చతికిలబడి బీడింగు పీకడం మొదలెట్టాడు. జిగురు గట్టిగా పట్టింది. గోళ్లతో గీకాడు. గోరు చీలి రక్తం వచ్చినా ఆపలేదు.

"మావయ్యగారూ" అంది నాగవల్లి.

ఆయన తలెత్తలేదు. "నీకు గాలి తగలకూడదనుకున్నానమ్మా" అన్నాడు. ఆ మాట అంటుంటే పెద్దాయన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి.

నాగవల్లి ఎప్పుడూ కూర్చోని ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. డ్యాష్‌బోర్డు తెరిచి హ్యాండిల్ ఒకటి తీసింది. దిగి వెనక్కి వచ్చి, ఆయన పక్కనే కూర్చుని దాన్ని తలుపుకి బిగించి తిప్పింది. అద్దం కిర్రుమంటూ దిగిపోయింది.

"అంజయ్యన్నా, ఇది ఎప్పటికవుతుంది? నేను డ్యూటీకి వెళ్లాలి" అంది.