సాంచల గోడ మీద చిక్కుడు తీగ

గోడ మీద చిక్కుడు తీగ వణుకుతోంది.

గాలి లేదు. గోడకు అటువైపు సాంచలు — బట్ట నేసే మరమగ్గాలు — నడుస్తున్నాయి. పొద్దంతా టకటకా, టకటకా... గోడ వణికితే తీగ వణుకుతుంది. పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందా అని దాని లేత కొన ఖాళీలో వెతుకుతోంది.

ఇటువైపు, ఆ గోడకే వీపు ఆనించి నవత నూలు కండెలు చుడుతోంది. ఆమెకు ఐదో నెల.

మొదటి బిడ్డ కడుపులోనే పోయినప్పుడు ఆమెకు లోకం మసకబారింది. తిండి లేదు, నిద్ర లేదు, ఏడుపు కూడా లేదు. రోజుకో మందు గోళీ ఆమెను మళ్లీ మనిషిని చేసింది. నవ్వింది. మళ్లీ కడుపు పండింది.

కరీంనగర్ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఆ గోళీ పెంచేది సెరోటోనిన్‌ను. మనసును నిలబెట్టడానికి అది కావాలి. కడుపులో బిడ్డ మెదడు కణాలు తీగల్లా చేతులు చాస్తున్నప్పుడు — ఎటు సాగాలో, ఎక్కడ ఆగాలో చెప్పేవాటిలో అదీ ఒకటి.

"బిడ్డకు సుత జర తగులుతది. గని నన్నడగకుంట బంద్ చెయ్యకు నవతా."

తగులుతది.

ఆ ఒక్క మాటే ఇంటిదాకా వచ్చింది. 'బంద్ చెయ్యకు' అన్నది, పాపం, దారిలోనే ఎక్కడో బస్సు దిగిపోయింది.

సాంచ మీద పోగు తెగితే ఏం చేస్తారు? సాంచ ఆపుతారు. ముడి వేస్తారు. మళ్లీ నడుపుతారు. బట్టకు ఏమీ కాదు... పుట్టినప్పటి నుంచి నవత చూసింది అదే.

"కాన్పయినంక మళ్ల మింగుత అత్తమ్మా."

"గట్లనే చెయ్యి బిడ్డా. కడుపుల పిల్లకు మందులెందుకు?" అంది దేవవ్వ. ఆమెదీ సాంచల బతుకే.

గోళీ ఆగింది.

మసక తిరిగొచ్చింది. ముందు నిద్ర దూరమైంది, తర్వాత ఆకలి. ఆ తర్వాత... బిడ్డ వస్తుందన్న సంతోషం కూడా. దేవవ్వ భయపడి కోడల్ని కరీంనగర్ తీసుకుపోయింది.

"బిడ్డ మెదడు సాంచ కాదవ్వా," అంది డాక్టరమ్మ. "మనం ముడేసేదాక ఆగది. పెరుగుతనే ఉంటది. తల్లి గింత పరేషానుంటే... అదీ బిడ్డకు తగులుతది."

"నా బిడ్డకేమన్న అయ్యిందా మేడం?"

"తెల్వదు నవతా. గిప్పుడు ఎవ్వరం చెప్పలేం."

మింగితే ఒక భయం. మింగకపోతే ఒక భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మింగింది.

గోళీ పనిచేయడానికి వారాలు పడుతుందట. బిడ్డ ఆ వారాలు ఆగదు.

దేవవ్వ తీగ పక్కన కట్టె పాతింది. తీగ కొన అప్పటికే వేరే వైపు తిరిగి ముదిరింది. కట్టె దానికి అందలేదు.

నవత గోడకు వీపు ఆనించి కూర్చుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. ఏదో కదిలింది... చాలా సన్నగా.

బిడ్డా? గోడా?

ఊపిరి బిగబట్టింది. సాంచలన్నీ ఒక్కసారి ఆగితే తెలిసేది. వద్దన్నప్పుడల్లా పోయే కరెంటు ఆ పూట పోలేదు.

టకటకా... టకటకా...

గోడ మీద చిక్కుడు తీగ వణుకుతూనే ఉంది.