కట్ లేని పాట

బంగారమ్మ ఫోను చేసేసరికి సాలమోను మాస్టారు ఎనిమిదో తరగతికి ఖండాల పాఠం చెబుతున్నాడు. కువైట్ నంబరు చూడగానే శారోనే అనుకున్నాడు. ఆ వేళప్పుడు తన భార్యకి తీరిక ఉండదని తెలుసు. అయినా ఆశ ఆగదు కదా. సుద్దముక్క బల్ల మీద పెట్టి వరండాలోకి పరుగెత్తాడు.

"అన్నయ్యగారండీ, ఎంత పని చేసేరండీ!"

బంగారమ్మది కాట్రేనికోన. శారోన్ పనిచేసే ఇంటికి పక్కింట్లోనే వంట చేస్తుంది.

"ఏమైందమ్మా?"

"మీ పాట వీడియో చివర్లో శారోన్ చేసే ఇంటి పెద్దమ్మాయి కనపడిందండి. నెత్తి మీద గుడ్డ లేదు, జుట్టు విరబోసుకుని ఉంది. ఎవరో ఆళ్ల నాన్నకి చూపించేరంట. ఇల్లు పీకి పందిరేసేరు."

"శారోన్ ఎలా ఉంది?"

"ఫోను లాగేసుకున్నారండి. గుమ్మం దాటనివ్వట్లేదు. చెయ్యి చేసుకోలేదులెండి, అంతవరకూ నయం. ఆ వీడియో ఎక్కడా లేకుండా పోవాలంట. శుక్రవారం నమాజు అయ్యాక పెద్దాయన మళ్లీ వెతుకుతాడంట. ఇంకా కనపడితే పోలీసులకి అప్పజెప్పేస్తానన్నాడు. ఉంటానండి, మా మేడమ్ వస్తోంది."

ఫోను ఆగిపోయింది. ఆ రోజు బుధవారం. లోపల పిల్లలు గోల చేస్తున్నారు. ప్రపంచ పటంలో కువైట్ ఎక్కడుందో పిల్లలకి వేలు పెట్టి చూపించేవాడు. ఇప్పుడా చోటు అందనంత దూరంలో ఉంది.

రాజోలులో అతను పాఠాలు చెప్పే ఈ ప్రైవేటు స్కూలు కరోనా తర్వాత సరిగ్గా నడవకపోవడంతో శారోన్ కువైట్ వెళ్లింది. పెళ్లయిన కొత్తలో చర్చిలో అతను గిటారు వాయిస్తే ఆమె పాడేది. వెళ్లాక కూడా ఆ అలవాటు ఆగలేదు. పాత సినిమా పాట ఏదో ఒకటి అనుకుని, అతను గిటారు వాయించి పంపేవాడు. ఆమె మధ్యాహ్నం ఇంట్లోవాళ్లు పడుకున్నాక సామాన్ల గదిలో ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఆ గిటారు వింటూ పాడి తిరిగి పంపేది. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి అతను చానల్లో వేసేవాడు. తెర మీద మాత్రం ఒకే గదిలో కూర్చున్నట్టు ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో నలుగురు ఆ పాట గురించి మాట్లాడుతుంటే, ఆమె ఊళ్లోనే ఉన్నట్టు అనిపించేది అతనికి.

కోనసీమలో ఇలా గిటారు వాయించి పెట్టేవాళ్లంతా కలిసి 'తీగలు' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. గిటారు చేత్తో పట్టుకుని, వెనకాల అసలు పాట వేసి పెదాలు కదిపేవాళ్లని చూసి విసిగిపోయి, ఆ గ్రూపువాళ్లు ఒక నియమం చేసుకున్నారు. రికార్డు నొక్కిన దగ్గర్నుంచి ఆపేదాకా కత్తెర పడకూడదు. మధ్యలో కుక్క మొరిగినా, దొడ్లో కొబ్బరికాయ రాలినా ఉంచాల్సిందే. కట్ చేసినవాడు పాడలేనివాడి కింద లెక్క.

కిందటి వారం శారోన్ పాట పంపుతూ ఒక మాట చెప్పింది. "చివర్లో ఆ పిల్ల వచ్చిందండి. అక్కడ కత్తిరించెయ్యండి."

సాలమోను చూశాడు. ఆఖరి చరణం ముగుస్తుండగా తలుపు తెరుచుకుంది. పదహారేళ్ల పిల్ల గుమ్మంలో నిలబడి వింటోంది. శారోన్ అటు తిరిగి నవ్వింది. నవ్వుతూనే ఆఖరి స్వరాన్ని వదలకుండా పట్టుకుంది. అలా ఆమె నవ్వడం అతను చూసి ఎన్నాళ్లయిందో! కత్తిరించబుద్ధి కాలేదు. పైగా కట్ చేస్తే గ్రూపులో మాట పడాలి. ఆ రెండూ కలిసి అతని చేత ఆ పని చేయించాయి. నిండుగా, చివరిదాకా పెట్టేశాడు.

ఇదివరకెప్పుడూ లేనంతగా జనం ఆ పాట చూశారు. ఆ నవ్వు కోసమే చూశారు.

స్కూల్లో ఒంట్లో బాగాలేదని చెప్పి, తన చానల్లోంచి దాన్ని అక్కడికక్కడే తీసేశాడు. కానీ అప్పటికే అతనికి పరిచయమున్న అమలాపురం సత్తిరాజు దాన్ని తన పేజీలో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే సాలమోను బండేసుకుని అమలాపురం వెళ్లాడు. సత్తిరాజుకి పెళ్లి వీడియోల షాపు ఉంది. కంప్యూటరు ముందు కూర్చుని ఎవరిదో తలంబ్రాల సీను సర్దుతున్నాడు.

"రండి మాస్టారూ! మీరే వస్తారనుకున్నాను. శారోన్‌గారి పాట దుమ్ము రేపేసిందండి. నా పేజీ పుట్టి బుద్ధెరిగేక ఇంతమంది ఎప్పుడూ చూళ్లేదు."

"తీసెయ్యండి సత్తిరాజుగారూ."

"అదేంటండీ బాబూ! దిష్టి తగుల్తుందనా?"

సాలమోను సంగతి చెప్పాడు. సత్తిరాజు వింటూ మౌసు వదిలేశాడు.

"ముందే చెప్పొచ్చు కదండీ," అని వెంటనే తీసేశాడు. "కానీ మాస్టారూ, నేను తీస్తే ఒరిగేదేం లేదండి. ఇటు చూడండి."

తెర తిప్పి చూపించాడు. ఎక్కడెక్కడివో పేజీలు. ఒకడు 'కువైట్ కోయిల' అని పేరు పెట్టాడు. ఒకడు గిటారు వాయించే సాలమోనుని తీసేసి, శారోన్‌ని, ఆ పిల్లని మాత్రమే ఉంచి, గుండె బొమ్మలు ఎగరేశాడు. ఇంకొకడు ఆ పిల్ల ముఖాన్ని దగ్గరగా చేసి 'ఈ అమ్మాయి ఎవరు?' అని అడిగాడు.

"వీళ్లందరినీ అడగలేమా?"

"ఎవరని అడుగుతారండి? వాళ్ల పేర్లే వాళ్లవి కావు. మీరు అడిగేకొద్దీ, ఇందులో ఏదో ఉందని ఇంకా పెడతారు."

సత్తిరాజు భార్య మజ్జిగ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. వెళ్తూ వెళ్తూ ఫ్యాను అతని వైపు తిప్పింది. ఆ మాత్రం దయకే కళ్లలో నీళ్లు తిరిగి, మజ్జిగ తాగుతున్నట్టు తల వంచుకున్నాడు.

తిరుగు దారిలో అంబాజీపేట దగ్గర లారీలకి కొబ్బరికాయలు ఎత్తుతుంటే ట్రాఫిక్ ఆగిపోయింది. బండి పక్కకి తీసి, ఏం చెయ్యాలో తోచక హేమకి ఫోను చేశాడు. హేమ కొత్తపేటలో డిగ్రీ కాలేజీ లెక్చరరు. 'తీగలు' గ్రూపులో అందరికన్నా బాగా వాయించేది. పాటల హక్కులున్న ఆడియో కంపెనీ ఫిర్యాదు చేస్తే, కిందటేడు ఆమె చానల్ మూతపడింది.

హేమ అంతా వింది.

"మాస్టారూ, నా పాటలు ఎలా పోయేయో గుర్తుందా మీకు? ఒక్కపూటలో, ఎక్కడున్నవి అక్కడ మాయమైపోయేయి. ఎంత ఏడ్చేనో!"

"గుర్తుందమ్మా."

"మీ పాట కూడా ఆ కంపెనీదే కదండీ."

సాలమోనుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత వెలిగింది: ఆ కంపెనీ తలుచుకుంటే ఆ పాట ఎక్కడున్నా మాయమైపోతుంది. పరాయివాళ్ల పాటలు వాయించుకునేవాళ్లందరికీ ఆ కంపెనీ అంటే దడ. అది ఎప్పుడు తమ వైపు చూస్తుందోనని నక్కి నక్కి బతుకుతారు. ఇప్పుడు దాని కాళ్లే పట్టుకోవాలి.

"అప్పుడు ఆ కంపెనీలో నేను బతిమాలుకున్న అనిల్ కుమార్ గారి నంబరు ఉంది. పంపుతున్నాను. మొహమాటపడకండి."

అనిల్ కుమార్ హైదరాబాదులో ఉంటాడు. మూడోసారికి ఎత్తాడు.

"చెప్పండి సార్. మీ వీడియో ఏమైనా తీసేశామా?"

"లేదండి. తియ్యమని అడగడానికే చేసేను. నేను మీ పాట దొంగిలించేనండి."

అవతల నవ్వు వినిపించింది. "వదిలెయ్యమని రోజూ ఏడుస్తారు సార్. పట్టుకోమన్నది మీరొక్కరే."

"ఆ పాట ఎక్కడ వినపడినా తీసేయించండి బాబూ. రేపు మధ్యాహ్నం లోపల. అందులో ఉన్నది మా ఆవిడండి."

నవ్వు ఆగింది. లారీ మీంచి ఎవరో 'పట్టుకో, పట్టుకో' అని అరుస్తున్నారు. సాలమోను ఒక చెవి మూసుకుని, జరిగిందంతా మళ్లీ మొదట్నుంచి చెప్పాడు.

"ఆ ట్యూన్ ఎవరు పాడి పెట్టినా ఆపెయ్యమని సిస్టంలో పెట్టగలను సార్," అన్నాడు అనిల్ కుమార్ మెల్లగా. "కానీ అది మీ ఒక్కరినే చూడదు. ఆ పాట వాయించినవాళ్లందరివీ పోతాయి. పాపం, చిన్నపిల్లలు నేర్చుకుంటూ పెట్టినవి కూడా. ఇంకోటి, మొదట పెట్టింది మీరు కాబట్టి ఫిర్యాదు మీ చానల్ మీంచే మొదలవ్వాలి. అందులో దాదాపు అన్నీ మా పాటలే. చానలే మూసేస్తారు. మిగతావన్నీ ముందు డౌన్‌లోడ్ చేసుకోండి సార్, రేపు సాయంత్రం దాకా ఆగుతాను."

ఆ పాటలు సాలమోను దగ్గర ఇంకెక్కడా లేవు. ఫోనులో చోటు చాలక, చానల్లో ఉన్నాయి కదా అని ఎప్పటికప్పుడు చెరిపేసేవాడు. శారోన్ జలుబు గొంతుతో పాడినవి, క్రిస్మస్‌కి కొత్తచీర కట్టుకుని పాడినవి, వెళ్లిన కొత్తలో మధ్యలో ఏడ్చేసి మళ్లీ అందుకున్నది.

"సిస్టం అన్నీ వెతికి తియ్యడానికి ఎంతసేపు పడుతుందండి?"

"ఇప్పుడు పెడితే రేపు మధ్యాహ్నానికి అయిపోవచ్చు. కానీ మీ చానల్ అప్పటికప్పుడే పోతుంది, పాటలు దించుకునే టైం ఉండదు. గ్యారంటీ ఇవ్వలేను."

"అయితే ఇప్పుడే పెట్టండి."

"సార్, ఆలోచించుకోండి."

"ఆయ్, ఆలోచించుకున్నానండి. పెట్టెయ్యండి."

ఆ సాయంత్రం నుంచే పాటలు రాలిపోవడం మొదలైంది. సాలమోను ఒక్కొక్క పేజీ తెరిచి చూసుకుంటూ కూర్చున్నాడు. 'కువైట్ కోయిల' పోయింది. గుండె బొమ్మలవాడిది పోయింది. ఆ పిల్ల ముఖాన్ని పెద్దది చేసినవాడిది మాత్రం శుక్రవారం పొద్దుటికి కూడా కదలకుండా అలాగే ఉంది. తెరిచినప్పుడల్లా ఆ పిల్ల అమాయకంగా వింటూనే ఉంది. వీడియోలో ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చే చోటు తన చేతికి ఎంత సులువుగా దొరికిందో, ఒక్క వేలితో ఎలా తీసెయ్యగలిగి ఉండేవాడో తల్చుకుంటూ ఆ పేజీని మళ్లీ మళ్లీ తెరిచాడు.

గ్రూపు అట్టుడికిపోతోంది. ఎవడో ద్రోహి మనవాళ్ల మీద కంపెనీకి చాడీలు చెప్పాడని ఒకరు. మా తమ్ముడు ఆర్నెల్లు నేర్చుకుని పెట్టినది పోయిందని ఇంకొకరు. విజయ్ కుమార్ అని రాజోలు బ్యాంకు ఉద్యోగి, సాలమోనుతో చర్చిలో పక్కన కూర్చునేవాడు, 'దొరికితే వాడి గిటారు వాడి నెత్తినే బద్దలుకొడతాను' అని రాశాడు. సాలమోను 'అది నేనేనండి' అని రాసి, శారోన్ సంగతి రాద్దామనుకుని ఆగాడు. ఆమె పేరు మళ్లీ పదిమంది నోళ్లలో పడటం ఇష్టం లేక అంతటితో వదిలేశాడు. కాసేపటికి అతన్ని గ్రూపులోంచి తీసేశారు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆ చివరి వీడియో నొక్కితే నల్లటి తెర వచ్చింది. మళ్లీ నొక్కాడు. నల్లగానే ఉంది. అప్పటిదాకా చూడలేకపోయిన తన చానల్ కోసం వెతికాడు. అలాంటి చానల్ లేదని వచ్చింది. ఉన్నచోటే మోకరించి, శారోన్ కోసం ప్రార్థించాడు.

ఫోను సాయంత్రం మోగింది. కొత్త నంబరు.

"ఏవండీ." శారోన్. గొంతు బొంగురుపోయి ఉంది. "మేడమ్ ఫోనండి. పక్కనే ఉన్నారు. ఎక్కువసేపు మాట్లాడకూడదు."

"ఎలా ఉన్నావు?"

"బానే ఉన్నాను. పెద్దాయన వెతికేడు, దొరకలేదు. ఆ పిల్ల రెండు పూటలు అన్నం మానేసి, పోలీసులొద్దని ఏడ్చిందండి. అందుకే ఊరుకున్నారు." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "కత్తిరించమని చెప్పేను కదండీ."

"చెప్పేవు."

"మరి?"

నువ్వు నవ్వావని చెబితే అది సాకులా ఉంటుంది. ఆమే మాట మార్చింది.

"నా ఫోను ఇవ్వరంట. కాంట్రాక్టు అయ్యేదాకా శుక్రవారాలు మేడమ్ ఫోన్లోంచి ఇలా మాట్లాడమన్నారు. పాడొద్దన్నారు."

"మన పాటలు కూడా పోయేయి శారోన్. అన్నీ."

అవతల గిన్నెల చప్పుడు. ఎవరో అరబ్బీలో ఏదో అన్నారు.

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె వంటింట్లోంచి పిలిచినట్టు మామూలు గొంతుతో అడిగింది. "అన్నం తిన్నారా?"

"తిన్నాను."

"ఉంటానండి."

ఫోను ఆగిపోయింది. సాలమోను నిన్నటి మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. తిన్నానని ఆమెకి చెప్పిన మాట అబద్ధంగా మిగిలిపోకూడదని లేచి, కళ్లు తుడుచుకుని, స్టవ్ వెలిగించి ఎసరు పెట్టాడు.