సింగపూరుకు రాసిన అబద్ధాలు

ఆదిలక్ష్మి సింగపూరు నుంచి వారానికొక ఉత్తరం రాసేది. సోమవారం రాసింది పది పన్నెండు రోజులకు నగరి చేరేది. మద్రాసులో నర్సు చదువు చదివేటప్పుడు ఆమె మార్మన్ చర్చిలో చేరింది. ఏడాదిన్నర పాటు తమ మతప్రచారం చేసి రమ్మని ఆ చర్చివాళ్లు పంపితే, 1985 జనవరిలో సింగపూరు వెళ్లింది. నగరిలో పుట్టిన పిల్లకు అరవం ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడి అరవవాళ్ల ఇళ్లకు తిరగడం ఆమె పని. గడువు తీరేదాకా ఇంటికి రాకూడదు. ఫోను కూడా ఏడాదికి ఒకటి రెండుసార్లే. మిగతాదంతా ఉత్తరాల మీదే.

ఇంట్లో వాటికి జవాబు రాసేది వదిన వసంత. అత్త చౌడేశ్వరమ్మకు చదువు రాదు. భర్త ధనంజయకు పవర్‌లూమ్‌ల దగ్గర నుంచి లేచే తీరిక ఉండదు. మామ కోదండం మాత్రం ఉత్తరం అడుగున తన చేత్తో ఒక్క ముక్క చేర్చేవాడు: "బాగుండు తల్లీ. నాయన." కూతురు మతం మారిందని తెలిసినప్పుడు ఆయన మూడు నెలలు ఆమెతో మాట్లాడలేదు. సింగపూరు వెళ్లే రోజు మద్రాసుదాకా వెంట వెళ్లి విమానం ఎక్కించి వచ్చింది కూడా ఆయనే.

ఆ జూన్‌లో ఒక పొద్దున పడుగు సరిచూస్తూ కోదండం మగ్గం పక్కనే కూలబడ్డాడు. తిరుపతి ఆసుపత్రిలో పదహారు రోజులున్నాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఏం చెప్పబోయినా "దా... దా..." అన్న శబ్దమే వచ్చేది.

ధనంజయ మంచం మీదికి వంగి అడిగాడు.

"నాయనా, ఆదికి తంతి ఇయ్యల్నా?"

కోదండం తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అడిగితే మళ్లీ అడ్డంగానే ఊపాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

"సూసినావా? వద్దంటా ఉండాడు," అన్నాడు ధనంజయ భార్యతో. "తెలిస్తే అది అంతా ఇడిసిపెట్టి వచ్చేస్తాది. ఆయనకు అది ఇష్టం లేదు. రాయొద్దు."

"రేపు తెలిస్తే మనల్ని ఏమనుకుంటాది?"

"వచ్చినాక నేను చెప్పుకుంటాలే. నువ్వు రాయొద్దు, అంతే."

ధనంజయకు ఇంకో భయం కూడా ఉంది. కూతురు మతం మారినందుకే కోదండానికి ఇలా అయిందని వీధిలో అప్పుడే అనేస్తున్నారు. చెల్లెలు వస్తే ఆ మాట ఆమె చెవిన పడకుండా ఆపలేడు.

వసంత మొదటి అబద్ధం చిన్నదే రాసింది. మామ కళ్లద్దాలు పగిలాయి, అందుకే ఈసారి ఏమీ రాయలేదని. తర్వాతి వారం, కొత్త అద్దాలు ఇంకా రాలేదని రాసింది. ఆ తర్వాత మామ కంచికి పెళ్లికి వెళ్లాడు, పుత్తూరులో చుట్టాలింట్లో ఉన్నాడు, కొత్త రకం చీరలు నేయించడంలో మునిగిపోయాడు. ఒక పక్క గిన్నెలో గంజి పట్టుకుని ఆయన నోట్లో చెంచాతో పోసేది, నోరు తుడిచేది, ఆ చేతులే కడుక్కుని వచ్చి ఆయన పెళ్లిలో ఏం తిన్నాడో రాసేది.

ఆగస్టులో ఆదిలక్ష్మి నుంచి ఉత్తరం వచ్చింది. "వదినా, నాయన నామీద మళ్లీ కోపం చేసినాడా? దాచొద్దు. ఈడ నాకు నిద్ర పట్టడం లేదు. ఒక్క ముక్క రాయమను, చాలు."

వసంత ఆ ఉత్తరం అందరికీ చదివి వినిపించింది. ధనంజయ పాత లెక్కల పుస్తకం తెచ్చి, తండ్రి దస్తూరి ఉన్న పేజీ తీసి ముందు పెట్టాడు.

"నా వల్ల కాదు," అంది వసంత.

"నీ రాత ఆయన రాత మాదిరే గుండ్రంగా ఉంటాది. ఒక్క ముక్క."

చౌడేశ్వరమ్మ గడపలో కూర్చుని వింటోంది. వద్దనలేదు, రాయమనలేదు. వసంత నాలుగుసార్లు చిత్తు రాసుకుని ఐదోసారి ఉత్తరం మీద రాసింది. "బాగుండు తల్లీ. నాయన." మంచం మీద నుంచి కోదండం ఆమెనే చూస్తున్నాడు.

డిసెంబరు మొదట్లో ఇంకో ఉత్తరం వచ్చింది. క్రిస్మస్ రోజున ఇంటికి ఫోను చేసుకోనిస్తారట. ఇరవై ఐదో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు నూలు దుకాణం జయరామయ్య దగ్గరున్న ఫోనుకు చేస్తానని రాసింది. "ముందు నాయనకు ఇయ్యండి. ఆయన గొంతు ఇన్నాకనే మీతో మాట్లాడతా."

"నాయన తిరుత్తణి పొయినాడని చెప్తా," అన్నాడు ధనంజయ. "నువ్వు, అమ్మ మామూలుగా మాట్లాడండి."

ఆ రోజు రెండున్నరకు ధనంజయ తల్లిని తీసుకుని ముందు వెళ్లాడు. మామకు నీళ్లు తాగించి వెళ్దామని వసంత ఆగింది. గదిలోకి వెళ్లేసరికి కోదండం మంచం అంచుకు జరిగి కూర్చుని ఉన్నాడు. కొయ్యకు తగిలించిన చొక్కాను ఎలా అందుకున్నాడో ఏమో, ఎడమ చేతిని చొక్కాలోకి దూర్చాడు. పడిపోయిన కుడి చేతికి ఎక్కించుకోలేక, పళ్లతో చొక్కా అంచు పట్టి లాగుతున్నాడు. ముఖమంతా చెమట.

"మామా, ఆదితో మాట్లాడతావా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఊపుతూనే ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని వాకిలి వైపు లాగాడు. ఆ పట్టు వదల్లేదు.

వసంత ఇంకేమీ అడగకుండా చొక్కా తొడిగి గుండీలు పెట్టి, వీధిలో పోతున్న రిక్షాను పిలిచింది.

దుకాణం మెట్ల దగ్గర తండ్రిని చూడగానే ధనంజయ ముఖం నల్లబడింది.

"ఎందుకు తెచ్చినావు? నీకేమైనా బుద్ధి ఉండాదా?"

"ఆయనే వస్తానన్నాడు."

"మాట లేనోడు ఎట్లంటాడు?"

జయరామయ్య కల్పించుకుని రిక్షా నుంచి కోదండాన్ని దింపించి, నూలు బేళ్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. మూడయింది. మూడుంపావు అయింది. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. ఫోను మోగేసరికి చౌడేశ్వరమ్మ ఉలిక్కిపడి లేచింది.

ధనంజయ అందుకున్నాడు. "ఆదీ! బాగుండావా? మేమంతా బాగుండాము. నాయన తిరుత్తణి పొయినాడు మ్మా, రేపు గానీ..."

"దా! దా! దా!"

కోదండం కుర్చీలోంచి ముందుకు ఒరిగిపోతూ అరిచాడు. వసంత పట్టుకోకపోతే నేల మీద పడేవాడే. ధనంజయ రిసీవరు చేత్తో మూశాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది. కాసేపు విని రిసీవరు వసంతకు అందించాడు.

"వదినా." గొంతు దూరం నుంచి వస్తోంది, కానీ స్పష్టంగానే ఉంది. "అది నాయనేనా?"

"అవును."

"పక్షవాతం ఎప్పుడొచ్చింది?"

"జూన్‌లో."

"కుడి పక్కనా?"

"అవును. మాట గూడా పోయింది."

ఆదిలక్ష్మి అడిగింది. "నాకు చెప్పొద్దని ఎవరన్నారు?"

"ఆయనే. అడిగినప్పుడంతా తల అడ్డంగా ఊపినాడు. కానీ ఈ పొద్దు..." వసంత మామ వైపు చూసింది. "ఈ పొద్దు అడ్డంగా ఊపుతానే నన్ను లాక్కొని వచ్చినాడు."

"వదినా, మాట పోయినోళ్లలో కొందరు అవుననబోయి గూడా తల అడ్డంగా ఊపుతారు. నేను వార్డులో సూసినాను. ఫోను ఆయన చెవి కాడ పెట్టు. ఎడమ చెయ్యి రిసీవరు మీద పెట్టు. నువ్వు గూడా ఇను."

వసంత వంగి, మామ చెంపకు తన చెంప ఆనించి పట్టుకుంది.

"నాయనా, నేను అడుగుతా. అవునంటే ఒకసారి తట్టు. కాదంటే రెండుసార్లు. నా పేరు ఆదిలక్ష్మా?"

కోదండం వేలు ఒకసారి తట్టింది.

"నా పేరు సరోజా?"

రెండుసార్లు.

"నాకు చెప్పొద్దన్నావా నాయనా?"

రెండుసార్లు. మధ్యలో తడబాటు లేదు.

"నన్ను రమ్మన్నావా?"

ఒకసారి తట్టాడు. అంతటితో ఆపి, ఇంకోసారి పొరపాటున తగులుతుందేమోనన్నట్టు వేలిని గట్టిగా పిడికిట్లో ముడుచుకున్నాడు.

"వస్తా నాయనా," అంది ఆదిలక్ష్మి. వెంటనే లైను తెగిపోయింది.

ధనంజయ నూలు బేలు మీద కూలబడ్డాడు. "నేను ఆయన్నే గదా అడిగినా. రెండుసార్లు అడిగినా."

"ఆరు నెల్లుగా చెప్తానే ఉండాడురా," అంది చౌడేశ్వరమ్మ. అంతకుమించి కొడుకుని ఏమీ అనలేదు.

జనవరి రెండో వారంలో ఆదిలక్ష్మి వచ్చింది. ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉన్నా చర్చివాళ్లు వెళ్లనిచ్చారు. అనుకున్నది పూర్తిచేయకుండా వచ్చిన బాధ ఆమె ముఖంలోనే కనిపించింది గానీ, దాని గురించి ఎవరి దగ్గరా ఎత్తలేదు. తండ్రికి ఎడమ చేత్తో బొమ్మలు చూపించడం నేర్పింది. నీళ్ల బొమ్మ, అన్నం బొమ్మ, మగ్గం బొమ్మ. అన్నతో ఒక పూట గట్టిగా పోట్లాడింది. అది ఆ పూటతో పోయింది. వదినతో మాత్రం పోట్లాడలేదు. పిలిస్తే పలికేది, అంతే. వసంతకు అదే కష్టంగా ఉండేది.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, ఆదిలక్ష్మి తనకు సింగపూరుకు వచ్చిన ఉత్తరాల కట్ట తెచ్చి వసంత ముందు పెట్టింది.

"ఏది నిజమో ఏది కాదో చెప్పు వదినా. నాకు అది తెలియల్ల."

ఒక్కొక్కటే చదివారు. వాన నిజం. కంచి పెళ్లి అబద్ధం. మూడో మగ్గం రిపేరు నిజం. ఆగస్టు ఉత్తరం వచ్చేసరికి వసంత తనే చెప్పింది. "ఆ ముక్క రాసింది నేను."

ఆదిలక్ష్మి ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. "దీన్ని నా బైబిల్‌లో పెట్టుకున్నా," అంది.

సెప్టెంబరు ఉత్తరాల వంతు వచ్చింది. "'వదిన బాగుంది' అని నీ గురించి రాసుకున్నావే. ఇదన్నా నిజమేనా?"

"కాదు."

ఆదిలక్ష్మి చదవడం ఆపి ఆమె వైపు చూసింది.

"అప్పుడు నాకు నాలుగో నెల. కడుపు పోయింది. బరువులు ఎత్తొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. మామను ఎత్తి కూర్చోబెట్టేదానికి ఇంట్లో ఇంకెవరుండారు? మీ అన్న మగ్గాల కాడ, అత్తకు నడుము నొప్పి. నీకు రాయాలనుకున్నా. ఎందుకెత్తినావని నువ్వు అడుగుతావు గదా. దానికి ఏం రాసేది?"

ఆదిలక్ష్మి ఉత్తరాలు పక్కకు నెట్టి, వదిన చేయి తన ఒళ్లోకి తీసుకుంది. క్షమాపణ ఎవరూ అడగలేదు.

మరునాడు తెల్లవారి వసంత లేచి మామ గదిలోకి వెళ్లేసరికి, ఆదిలక్ష్మి అప్పటికే ఆయన చంకల కింద చేతులు వేసి ఎత్తి, గోడకు ఆనించి కూర్చోబెడుతోంది.

"నువ్వు పో వదినా, కాఫీ తాగు," అంది వెనక్కి తిరగకుండానే. "ఇంక నాయన్ను ఎత్తేది నా పని."