అక్కయ్యది మొదటి వారం, నాది రెండో వారం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉంది. ఆవిరి ఇస్త్రీ టేబుల్ ముందు రోజుకి తొమ్మిది గంటలు నిలబడే మనిషికి కోపం ముక్కు మీద కాక ఇంకెక్కడుంటుంది? కానీ ఈసారి నా కోపం నా మీదే వచ్చింది. ఎందుకో చెప్తాను, వినండి.

నేనూ మా తోటికోడలూ కలిసి ఇరవై రెండేళ్ళుగా డ్రైక్లీనింగ్ షాపు నడుపుతున్నాం. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడల్ని. పెళ్ళయిన కొత్తలో అక్కయ్యా అని పిలవమన్నారు, పిలిచాను, నోటికి అదే అలవాటైపోయింది. కౌంటరు, మరకలు తీయడం ఆవిడ పని. మిషన్లు, ఇస్త్రీ నాది. మా ఆయన్నీ బావగారినీ షాపు దరిదాపులకి రానివ్వం. ఒకసారి మా ఆయన్ని ఒక్క పూట కూర్చోబెడితే డాక్టరుగారి తెల్లకోటు లాయరుగారికీ, లాయరుగారి నల్లకోటు డాక్టరుగారికీ ఇచ్చి పంపించాడు. పైగా "రెండూ కోట్లే కదే" అన్నాడు. ఆ మనిషికి ఏం చెప్తాం?

షాపుకి ఒకటే రూలు. అక్కయ్య పెట్టింది. ఇద్దరం ఒకేసారి షాపు వదలకూడదు, ఒకసారి ఎత్తిన షట్టరు సాయంత్రం దాకా దించకూడదు. అన్నం వంతులవారీగా తింటాం. ఏదైనా పెళ్ళి ఉంటే ఆవిడ పొద్దున వెళ్తుంది, నేను సాయంత్రం వెళ్తాను. పెళ్ళివాళ్ళు మేమిద్దరం ఎడమొహం పెడమొహం అనుకుంటారు. అంతెందుకు, జ్వరం కూడా మాకు వంతులవారీగానే. పోయినేడు ఆవిడకి తగ్గేదాకా నేను కాలిపోతున్న ఒంటితోనే నిలబడ్డాను. ఆవిడ లేచి వచ్చాక నేను వెళ్ళి పడుకున్నాను.

నా కోపానికంతా మూలమైన దీవి సంగతి ఒక కోటు జేబులోంచి వచ్చింది. ఏ బట్ట వచ్చినా మిషన్లో వేసేముందు జేబులు తడమడం మా పద్ధతి. పెన్నులు, తాళాలు, సగం తిన్న చాక్లెట్లు, ఓసారి కట్టుడు పళ్ళు కూడా దొరికాయి. ఆ రోజు ఒక మడత కాగితం దొరికింది. చిన్న దీవి, తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్ల కింద ఆరంటే ఆరే గదులు. వారానికి ఒకటే పడవ, శనివారం మధ్యాహ్నం. ఫోన్లు సరిగా పలకవు. కావాలంటే ఆక్సిజన్... కాదు, గాలి సిలిండరు వీపున కట్టుకుని సముద్రం అడుగుకి దిగి చేపల్ని చూడొచ్చు. కోటు ఆసామికి తిరిగిస్తే "వద్దమ్మా, మీరే ఉంచుకోండి" అన్నాడు. నేను దాన్ని ఇస్త్రీ టేబుల్ ఎదురుగా గోడకి అంటించాను.

అది అంటించిన నెలకే డాక్టరు అక్కయ్య మోకాళ్ళు అరిగిపోయాయని తేల్చేశాడు. ఇక గంటల తరబడి నిలబడడం కుదరదన్నాడు. ఏడాది చివరికి షాపు మానేస్తానని ఆవిడ చాలా మామూలుగా, ఎవరిదో ప్యాంటు మీద సిరా మరక రుద్దుతూ చెప్పింది. కౌంటర్లో ఆవిడ లేని షాపు ఎలా ఉంటుందో ఊహకే అందలేదు. కోపంతో ఆ రోజు రెండు కాలర్లు మాడ్చాను.

వారం తర్వాత ఆవిడే ఆ కాగితం ముందు నిలబడి, "నీళ్ళలో మోకాళ్ళ మీద బరువు పడదట. డాక్టరే చెప్పాడు" అంది. తర్వాత నావైపు తిరిగి "వెళ్దామా?" అంది.

ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోట వెళ్దామా అన్న మాట వినడం అదే మొదటిసారి. వెళ్ళు, వెళ్ళిరా, వెళ్ళొస్తా, ఇవే విన్నాను. ఆవిడ షాపు మానేసేలోగా ఒక్క వారం ఆవిడతో గడపాలి. సముద్రం అడుగుకి ఆవిడ పక్కనే దిగాలి. నాకు ఇంకేం వద్దనిపించింది.

ఇక చూడండి మా హడావిడి. నగరంలో ఈతకొలను దగ్గర డైవింగ్ నేర్పే మాస్టారు ఉన్నాడు. మంగళవారం పొద్దున అక్కయ్య వెళ్ళేది, గురువారం పొద్దున నేను. అక్కయ్యకి మొదటి రోజే తల ప్రాణం తోకకొచ్చింది. నీళ్ళలో మాట్లాడడం కుదరదు కాబట్టి అంతా చేతి సైగలే. బొటనవేలు పైకి చూపిస్తే పైకి పోదామని అర్థమట. మాస్టారు బాగున్నారా అని అడిగినప్పుడల్లా ఈవిడ ఉత్సాహంగా బొటనవేలు ఎత్తేది. ఆయన ఆవిడని పైకి తీసుకొచ్చేవాడు. అలా తొమ్మిదిసార్లు. "అక్కయ్యా, మాస్టారు నీకు దండం పెట్టి పంపించలేదూ?" అని అడిగితే, "పాపం, మనిషి మంచివాడు. వచ్చే మంగళవారం కూడా రమ్మన్నాడు" అంది.

ఆ మాస్టారే నాకు ఒక మాట చెప్పాడు. సముద్రంలోకి ఎవరూ ఒంటరిగా దిగరట. జంట ఉండాల్సిందే. నా సిలిండర్లో గాలి ఎంతుందో నా జంట చూడాలి, తనది నేను చూడాలి. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, మధ్యాహ్నం ఆవిరి మోతలో కూడా గొంతు చించుకుని అక్కయ్యకి చెప్పాను. ఆవిడ తల ఊపింది.

గదులు బుక్ చేసుకోవడం కూడా ఎవరి వంతులో వాళ్ళం చేసుకున్నాం. అక్కయ్య ఇంటి దగ్గర బావగారి చేత కంప్యూటర్లో చేయించుకుంది. నేను నా అన్నం వంతులో, ఒక చేత్తో ముద్ద కలుపుతూ ఇంకో చేత్తో ఫోన్లో చేసుకున్నాను. తారీకుల గురించి ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు.

అసలు సంగతి సూట్‌కేస్ దగ్గర బయటపడింది. "మీ ఎర్ర సూట్‌కేస్ నాకివ్వవే. తిరిగొచ్చాక నీకిచ్చేస్తాగా" అంది అక్కయ్య.

"తిరిగొచ్చాక నాకెందుకు?"

"మరి నువ్వు దేంట్లో సర్దుకుంటావు?"

ఫోన్ తీసి చూసుకున్నాను. ఆవిడ పర్సులోంచి కాగితం తీసింది. ఆవిడది నెల మొదటి శనివారం నుంచి రెండో శనివారం దాకా. నాది రెండో శనివారం నుంచి మూడో శనివారం దాకా. ఇరవై రెండేళ్ళ అలవాటు చొప్పున, ఆవిడ ముందు వెళ్తుంది కదా అని నా వేలు దానంతటదే రెండో వారం నొక్కేసింది. నొక్కేటప్పుడు ముద్ద కూడా ఆగలేదు.

అక్కయ్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, "బాగానే కుదిరిందిగా. శనివారం నువ్వు దిగే పడవలోనే నేను ఎక్కుతాను. రేవు దగ్గరే షాపు తాళాలు నీకిచ్చేస్తా" అంది.

"దీవిలో నేను తాళాలు ఏం చేసుకోను?"

ఆవిడ కాగితం మళ్ళీ మడిచి పర్సులో పెట్టుకుంది.

"సరే, నా దగ్గరే ఉంచుకుంటాలే."

"అక్కయ్యా, శనివారం మధ్యాహ్నం మనిద్దరం రేవులో ఉంటే షాపులో ఎవరుంటారు? నేను శుక్రవారమే బయల్దేరాలి. నువ్వు ఆదివారానికి గానీ ఇల్లు చేరవు."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. షట్టరు దించకూడదని ఇద్దరం ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేసుకున్న పథకంలో షట్టరు మూడు రోజులు దించే ఉంటుంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. చేతిలో ఉన్న చొక్కా టేబుల్ మీద విసిరికొట్టాను.

"చాలు. నాకు దీవీ వద్దు, సముద్రమూ వద్దు. నేను అక్కడికి చేపల్ని చూడ్డానికి బయల్దేరానా? నీతో వెళ్దామని కదా. నా మొగుడి మొహం కన్నా నీ మొహం ఎక్కువ చూశాను ఈ జన్మలో. కానీ ఒక్కరోజైనా నీ పక్కన తీరిగ్గా కూర్చున్నానా? నేను బుద్ధిలేక అలవాటులో నొక్కేశాను, నన్ను చెప్పుతో కొట్టాలి. పెద్దదానివి, నీ బుద్ధేమైంది?"

ఎప్పుడూ నాకు ఎదురు సమాధానం చెప్పే ఆవిడ ఈసారి కౌంటరు దగ్గర స్టూలు లాక్కుని, మోకాళ్ళు నెమ్మదిగా వంచి కూర్చుంది.

"నేను అలవాటులో చేయలేదే. చూసే చేశాను" అంది.

"ఏం చూశావు?"

"ఆ కాగితం మీద ఏం రాసుంది? ప్రశాంతంగా గడపండి అని ఉంది. ఇరవై రెండేళ్ళు ఈ నస భరించావు. ఇది ఇలా మడత పెట్టు, అది అలా రుద్దు, షట్టరు దించకు అని. కనీసం అక్కడన్నా నేను లేకుండా ఉంటే నీకు హాయిగా ఉంటుందనుకున్నాను. మొహమాటానికి నువ్వు అడగలేవు కదా. అందుకే నేనే ముందు వారం పెట్టుకున్నాను. ఎలాగూ నువ్వు నా తర్వాత వారమే తీసుకుంటావని తెలుసుగా."

ఏం చెప్పమంటారు నన్ను? ఇటు ఆవిరి మిషన్ బుసకొడుతోంది, అటు ఈవిడ తల వంచుకుని చీటీలు సర్దుతోంది. నాకు ఆవిడని నాలుగు తిట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండూ చేశాను. ముందు తిట్టాను. "నువ్వు లేకపోతే హాయా? ఏడాది చివర్న నువ్వు వెళ్ళిపోతావంటే నాకు నెల నుంచి నిద్ర లేదు. ఎవరు చెప్పారు నీకు హాయని? పిచ్చిదానివా?"

ఆవిడ కళ్ళు కొంగుతో ఒత్తుకుని, "అంత గట్టిగా అరవకు. ఎవరో కస్టమరు వస్తున్నాడు" అంది. నిజంగానే వస్తున్నాడు. దుప్పట్ల మూటతో వచ్చాడు. ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి మూట అక్కడ పెట్టి, చీటీ కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

"మరి షాపు?" అన్నాను నేను.

"వారం రోజులు మాసిన బట్టలు మాసినట్టే ఉంటాయి. ఎక్కడికి పోతాయి?" అంది. ఇది ఆవిడ నోటి నుంచి వచ్చిన మాటేనా అని నేను నోరెళ్ళబెట్టాను.

వెంటనే దీవికి ఫోన్ చేశాను, మళ్ళీ ఈవిడ మనసు మారకముందే. నాలుగోసారికి పలికింది. అవతల ఒక పెద్దావిడ. గాలి హోరులో ఆవిడ గొంతు వస్తూ పోతూ ఉంది. మొదటి వారం గదులన్నీ నిండిపోయాయంది. నా ప్రాణం ఉసూరుమంది. "రెండో వారం?" అంటే అదీ నిండిపోయిందంది. అక్కయ్య నా చేయి పట్టుకుంది. అప్పుడు ఆ పెద్దావిడ, మొదటి వారం అక్కయ్యగారి గదిలోనే ఇంకో మంచం వేయగలననీ, నా గది అడుగుతున్నవాళ్ళు వేరే ఉన్నారనీ, కాబట్టి నాకు ఏ నష్టమూ లేదనీ చెప్పింది.

"వేయండమ్మా" అన్నాను.

"ఆలోచించుకునే చెప్పండి. గది చిన్నది. మళ్ళీ శనివారం దాకా పడవ ఉండదు. స్నేహితులమని వచ్చి మూడో రోజుకి పోట్లాడుకుని, వేరే గది ఇమ్మని నా దగ్గరికి వచ్చేవాళ్ళని చాలామందిని చూశాను."

అక్కయ్య ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది.

"మేం ఇరవై రెండేళ్ళుగా పోట్లాడుకుంటున్నామమ్మా" అంది. "కూర్చుని పోట్లాడుకునే తీరికే దొరకలేదు. ఆ రెండో మంచం కాస్త నా మంచానికి దగ్గరగా వేయించండి."