విశాఖలో చూడవలసినవి

పులిహోర కలుపుతూ కలుపుతూ సౌందర్య రెండుసార్లు సింకు దగ్గరికి పరిగెత్తింది. మూడో నెల. చింతపండు వాసనకే కడుపులో తిప్పేస్తోంది. "దారిలో హోటల్ తిండి నాకు పడదే. పులిహోర నువ్వే కలుపు, నీ చేతి ఉప్పు సరిగ్గా కుదురుతుంది" అంది అత్త తిరుపతమ్మ, హాల్లో సోఫా మీద మోకాళ్లకు నూనె రాసుకుంటూ. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ కోడల్ని మెచ్చుకున్నదంతా పని చెప్పేటప్పుడే.

దసరా సెలవులకు వైజాగ్ వెళ్దామన్నది సౌందర్య భర్త నాగార్జున. అతని అక్క విజయశ్రీ, బావ రామారావు కూడా వస్తామన్నారు. నాగార్జున వాళ్లది గుంటూరు వైపు. ఎల్‌బీ నగర్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడినా "మా సముద్రం, మా వైపు చేపలు" అని ఇప్పటికీ అంటూనే ఉంటారు. సౌందర్యది పెద్ద అంబర్‌పేట్ పక్కన పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో పనిచేస్తుంటే, అక్కడే ఫిజిక్స్ చెప్పే నాగార్జున ఆమెను ఇష్టపడి చేసుకున్నాడు. సముద్రం చూడాలని ఆమెకూ చిన్నప్పటి నుంచి ఉంది. కానీ ఇప్పుడు కాదు.

"ఈ నెల దాటినంక పోదాం. డాక్టరమ్మ జర పైలం అన్నది గదా" అంది భర్తతో.

"బస్సు టికెట్లు తీశాం, అక్కడ తిరగడానికి వ్యాన్ మాట్లాడేశాం, ఫ్లాటు బుక్ చేశాం. నువ్వేమన్నా మూటలు మోస్తావా? కూర్చునేదేగా" అన్నాడతను.

అట్లా ఆ ఏడు బతుకమ్మకు పుట్టింటికి పోవడం కూడా తప్పిపోయింది. తల్లి యాదలక్ష్మి మాత్రం ఫోన్‌లో సంతోషపడింది. "ఏం గాదు బిడ్డా, బతుకమ్మ మళ్లొస్తది. నేనైతే చూడలే, నువ్వన్నా సముద్రం చూసి రా" అంది.

సాయంత్రం ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి తెల్లారేసరికి వైజాగ్‌లో దిగారు. తిరుపతమ్మకు బయట తిండి పడదు కాబట్టి వంటగది ఉన్న ఫ్లాటు తీసుకున్నారు. బ్యాగులు దించీ దించకముందే ఉప్మాకు నీళ్లు పెట్టింది సౌందర్య. విజయశ్రీ జుట్టు ఆరబెట్టుకుంటూ "ట్రిప్పంటే ఇలా ఉండాలి, ఇంట్లో ఉన్నట్టే ఉంది" అంది. సౌందర్యకూ అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉంది.

మొదట చూసింది బీచ్ రోడ్డులో ఒడ్డున నిలబెట్టిన సబ్‌మెరైన్. లోపల ఇరుకు దారులు, వంగి దాటాల్సిన గుమ్మాలు. మోకాళ్ల నొప్పుల తిరుపతమ్మ ఎక్కలేనంది. ఆవిడకు తోడుగా, బ్యాగులకు కాపలాగా సౌందర్య బయట బెంచీ మీద ఉండిపోయింది. కూతురు తన్మయి నాన్న చెయ్యి పట్టుకుని గంతులేస్తూ లోపలికి వెళ్లింది. ఎదురుగా సముద్రం. ఇంత దగ్గరుంటుందని, ఇంత చప్పుడు చేస్తుందని సౌందర్య అనుకోలేదు. ఒక్కసారి కాళ్లు తడుపుకుని వద్దామని లేచింది. "ఎక్కడికే? బ్యాగులు నేను చూడలేను" అంది అత్త. సౌందర్య మళ్లీ కూర్చుంది. కూర్చున్నాక తెలిసింది, లోపల తడిగా ఉందని. బాత్రూమ్ వెతుక్కుని వెళ్లి చూసుకుంటే రక్తం.

నాగార్జున బయటికి రాగానే పక్కకు పిలిచి చెప్పింది. అతని ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. అది ఆమె చూసింది. ఆ క్షణం అతను ఆమె మనిషే. తర్వాత ఫోన్ తీసి ఏదో వెతికాడు. "మూడో నెల్లో కొంచెం కనపడటం మామూలేనట. ఇదిగో, రాశారు."

"ఒక్కసారి దవాఖానకు పోయొద్దాం. నాకు భయమైతుంది."

"ఊరు కాని ఊళ్లో ఎవరికి చూపిస్తాం సౌందర్యా? ఈ రెండు రోజులు ఓర్చుకో. ఇంటికి వెళ్లాక మన డాక్టర్‌కే చూపిద్దాం. అమ్మకి చెప్పకు, కంగారు పడుద్ది. అందరి ట్రిప్పూ పాడవుద్ది."

అందరి ట్రిప్పు. ఆ మాట ఆమె మనసులో చాలాసేపు తిరిగింది. తను ఆ అందరిలో ఎప్పుడూ ఉండదు. పండక్కి అందరికీ బట్టలు కొన్నామంటే, అందరం భోంచేశామంటే, అందరం కలిసి అనుకున్నామంటే, ఆ అందరూ కూర్చున్న గదికి అవతల ఏ స్టవ్వు దగ్గరో తను నిలబడి ఉంటుంది. ఎవరూ కావాలని తీసేయరు. గుర్తుకు రాదు, అంతే. మరి తన కడుపులో ఉన్నది అందరి బిడ్డేనా, లేక తనలాగే లెక్కలోకి రాని బిడ్డా? అడగాలనుకుంది. అప్పటికే వ్యాన్ హారన్ కొడుతోంది.

కైలాసగిరి మీద నడుం పట్టేసింది. శివపార్వతుల తెల్లని విగ్రహాల ముందు అందరూ వరసగా నిలబడ్డారు. "సౌందర్యే బాగా తీస్తుంది" అని విజయశ్రీ ఫోన్ చేతిలో పెట్టింది. నిలబడి తీస్తే విగ్రహాలు పూర్తిగా రావడం లేదు. "కింద కూర్చో, అప్పుడొస్తాయి" అన్నాడు నాగార్జున. సౌందర్య గొంతుకూర్చుంది. "ఇంకొంచెం కిందికి!" పొత్తికడుపులో ఎవరో వడితిప్పి పిండినట్టయింది. తొడల మధ్య వెచ్చగా కదిలింది. పళ్లు బిగపట్టి తీసింది. ఫొటో బాగా వచ్చిందని రామారావు మెచ్చుకున్నాడు. ఆ ఫొటో సాయంత్రానికల్లా చుట్టాలందరి ఫోన్లలోకి వెళ్లిపోయింది.

మర్నాడు సింహాచలం. బయలుదేరే ముందు ఫ్లాటులో స్నానాల దగ్గర ఆమె ఉతికి ఆరేసిన గుడ్డలు అత్త కంటపడ్డాయి. "ఇదేంటే?" అంది. సౌందర్య చెప్పింది. తిరుపతమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కన్నీళ్లు కూడా వచ్చాయావిడకి. "నా మనవడికేం కాకుండా చూడు స్వామీ" అని అక్కడి నుంచే కొండ వైపు దణ్ణం పెట్టింది. ఆ తర్వాత కోడలివైపు తిరిగి, "మైలతో గుడికి రాకూడదు. నువ్వు వ్యాన్‌లోనే ఉండు" అంది. నీకెట్లా ఉందని మాత్రం అడగలేదు. కొండ మీద, ఎండకు కాలిన వ్యాన్‌లో వెనక సీటు మీద ముడుచుకుని పడుకుని, గంటల చప్పుడు విన్నది సౌందర్య. వాళ్లు తెచ్చిన ప్రసాదం కూడా ఆమె చేతికివ్వలేదు, తన్మయి చేతికిచ్చి తినిపించమన్నారు.

మధ్యాహ్నం వాళ్లు రుషికొండ బీచ్‌కు బయలుదేరారు. "నువ్వు రెస్టు తీసుకో" అన్నాడు నాగార్జున, ప్రేమగానే. చెప్పులు వేసుకుంటూ మళ్లీ అన్నాడు: "ఓపికుంటే రేపు అరకు దారిలోకి చపాతీలు చేసి పెట్టు."

పిండి కలిపింది. ఓపికుండి కాదు, కలపకపోతే రేపేమంటారో వినే ఓపిక లేక. పీట మీద మూడో చపాతీ సగంలో ఉండగా నొప్పులు మొదలయ్యాయి. గోడ పట్టుకుని బాత్రూమ్‌కి పోయింది. నొప్పుల మధ్య పిండి చేతులతోనే నాగార్జునకు ఫోన్ చేసింది. కట్ చేశాడు. మళ్లీ చేసింది. "నీళ్లల్లో ఉన్నాం, తర్వాత చేస్తా" అని మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ చదువుతుండగానే అయిపోయింది.

తన బొటనవేలంత ఉంది. ఆమె దాన్ని అరచేతిలోకి తీసుకుని చూసింది. ఏడవాలని తట్టలేదు. చల్లటి నేల మీద కూర్చుని అట్లాగే చూస్తూ ఉంది. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు ఆమెకు. ఉతికిన తన చున్నీ ఒకటి తీసి అందులో చుట్టింది. తర్వాత తన్మయి వచ్చి చూస్తుందేమోనని, గోడ పట్టుకుని లేచి, నేలంతా కడిగింది.

వాళ్లొచ్చేసరికి చీకటి పడుతోంది. ఒళ్లంతా ఇసుకతో తన్మయి "అమ్మా, గవ్వలు!" అంటూ లోపలికొచ్చింది. తల్లిని చూసి ఆగిపోయింది.

హాస్పిటల్లో లేడీ డాక్టర్ అడిగింది: "బ్లీడింగ్ ఎప్పటి నుంచి?"

సౌందర్య నోరు తెరిచేలోపు నాగార్జున అన్నాడు: "ఈవిడ మాకేం చెప్పలేదండి. ఇవాళే తెలిసింది."

ఆమె తల తిప్పి అతన్ని చూసింది. అతను గోడకున్న గడియారం వైపు చూస్తున్నాడు. "చదువుకున్నదానివి, ఇలాంటివి దాచుకుంటారా అమ్మా?" అని డాక్టర్ కోప్పడింది. సౌందర్యకు రక్తం పోయి నీరసంగా ఉంది. అంతకన్నా, తొమ్మిదేళ్లు పక్కన పడుకున్న మనిషి అంత తేలిగ్గా ఆ మాట అన్నాడన్నది ఆమెను లేవనివ్వలేదు. ఎవరూ అతన్ని నిలదీయలేదు, బెదిరించలేదు. అడిగీ అడగకముందే ఆ అబద్ధం నాలుక చివరికొచ్చేసింది.

మర్నాడు ఆమెను ఫ్లాటులో వదిలి వాళ్లు అరకు వెళ్లారు. రైలు టికెట్లు మళ్లీ దొరకవని, పిల్ల ఏడుస్తుందని, నువ్వెలాగూ పడుకునే ఉంటావని. వెళ్లే ముందు నాగార్జున మంచం పక్కన బ్రెడ్డు, పాలు, మందులు పెట్టాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాకు మాత్రం బాధ లేదా?" అన్నాడు. ఉంది. అది ఆమెకు తెలుసు. ఆ బాధతోనే అతను బొర్రా గుహలు చూసి వచ్చాడు.

ఎల్‌బీ నగర్‌కు తిరిగొచ్చాక పలకరింపులు మొదలయ్యాయి. పక్కింటి సైదమ్మ వచ్చి "ఏందమ్మా, గట్లెట్లయింది?" అని చెయ్యి పట్టుకుంది. జవాబు తిరుపతమ్మ చెప్పింది. "ఏం చెప్పమంటావు సైదమ్మా! ఎప్పుడూ చూడని మనిషి కదా, సముద్రం చూడగానే ఒళ్లు తెలీలేదు. అలల్లో ఒకటే గంతులు. వద్దంటే వింటేగా! మగపిల్లాడే అయ్యుంటాడు, మా ప్రాప్తం లేదు." ఆవిడ చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. నాగార్జున అక్కడే కుర్చీలో ఉన్నాడు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, అవునని అనలేదు, కాదనీ అనలేదు.

సైదమ్మ వెళ్లాక తన్మయి వంటింట్లోకి వచ్చి నెమ్మదిగా అడిగింది: "అమ్మా, నువ్వు అసలు నీళ్ల దగ్గరికి రాలేదుగా? నానమ్మ అలా ఎందుకు చెప్తోంది? నాన్న ఎందుకు చెప్పట్లేదు?"

సౌందర్య గరిటె పక్కన పెట్టింది. ఎనిమిదేళ్ల పిల్ల. నాన్న నోరు మూసుకుంటే అబద్ధం ఎట్లా నిజమైపోతుందో కళ్లారా చూసింది. అమ్మ కూడా నోరు మూసుకుంటే ఇక ఈ పిల్లకు లోకం గురించి తెలిసేది అదే.

"రాలేదు బిడ్డా" అంది. "నువ్వు చూసిందే నిజం."

వారం తిరక్కుండానే మెట్రో ఎక్కి కోచింగ్ సెంటర్‌లో పనికి పోయింది. "ఏం మేడం, వైజాగ్ అంతా చుట్టేశారంట! సార్ స్టేటస్‌లో చూశాం" అన్నాడు మేనేజర్ నవ్వుతూ, అడ్మిషన్ల ఫోన్ ఆమె ముందుకు జరుపుతూ. సౌందర్య ఫోన్ ఎత్తి మాట్లాడింది. సాయంత్రం నాగార్జున స్టాఫ్ రూమ్ నుంచి వచ్చి, "రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం. మళ్లీ కనడానికి ఎన్నాళ్లు ఆగాలో కనుక్కుందాం. అమ్మ అడుగుతోంది" అన్నాడు.

డాక్టర్ గదిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఎప్పుడూ చూపించుకునే డాక్టరమ్మే. వైజాగ్ కాగితాలు తిరగేసి, "బ్లీడింగ్ మొదలైన వెంటనే ఎందుకు వెళ్లలేదు?" అని అడిగింది.

"అదేనండి, ఈవిడ మాకు..." అని మొదలుపెట్టాడు నాగార్జున.

"నువ్వు జర బయట కూసో" అంది సౌందర్య. గొంతు పెంచలేదు.

అతనికి అర్థం కాలేదు. "ఏంటి?"

"బయట కూసో. నా సంగతి నేను చెప్పుకుంట."

అతను డాక్టర్ వైపు చూశాడు, ఆవిడ తనను ఉండమంటుందేమోనని. ఆవిడ కాగితాలు కింద పెట్టి తలుపు వైపు చూసింది. అతను లేచాడు. తలుపు మూసుకునేదాకా ఆగి, సౌందర్య కుర్చీ ముందుకు జరుపుకుంది.

"రక్తం కనపడ్డ గడియలనే ఆయనకు చెప్పిన మేడం. దవాఖానకు పోదామన్న. అందరి ట్రిప్పు పాడైతదన్నడు" అంది. "ఇంకొకలని ఎప్పుడు కనాల్నో అడగనీకి తోలుకొచ్చిండు నన్ను. నేను అడిగేది వేరే. ఇగ కనొద్దనుకుంటున్న. దానికేం చెయ్యాల్నో నాకు చెప్పండి."