నలభై సైజు

నూకరత్నం కుడి చూపుడువేలికి ఊలు చుట్టుకుని, సూది మొనని పక్క కుట్టులోకి దూర్చి లాగింది. వరస పూర్తయ్యాక ముక్కని మోకాలిమీద పరిచి అరచేత్తో అదిమింది. షాపు యజమాని త్రినాధరావు ఇంకా దేవుడి పటం ముందు అగరొత్తి తిప్పుతూనే ఉన్నాడు.

అనకాపల్లిలో చలి అంటే ధనుర్మాసానికి అటూ ఇటూగా నెలన్నర. మిగతా ఏడాదంతా స్వెట్టరన్న మాట చెవిన పడితేనే జనానికి చెమట. అలాంటి ఊళ్ళో ఊలు అల్లి బతకడం రత్నం ఆలోచించి ఎంచుకున్న దారేమీ కాదు. కాన్వెంటులో ఆయాగా ఉన్నప్పుడు ఒక సిస్టరు నేర్పింది. చేతికి పట్టుబడింది. మరో పని పట్టుబడలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఫ్యాన్సీ షాపు మూల, బొత్తాల డబ్బాలకీ రిబ్బన్లకీ మధ్య స్టూలు మీద కూర్చుని పసిపిల్లల టోపీలూ, కొండమీద బళ్ళకి బదిలీ అయిన మేష్టర్ల స్వెట్టర్లూ అల్లుతోంది. కూర్చుని కూర్చుని నడుం కాస్త ఎడమకి ఒరిగిపోయింది. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతుంటుంది. పసుపుతాడు కన్నా ముందు అదే కనపడుతుంది.

పని ఎవరిదైనా ఆమె పద్ధతి ఒకటే. ముందు నాలుగంగుళాల నమూనా ముక్క అల్లాలి. దాన్ని తడిపి ఆరేసి, అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో చూడాలి. మనిషికి టేపు పెట్టాలి. అప్పుడుగాని అసలు అల్లిక సూదుల మీదికి ఎక్కదు. గొలుగొండ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "ఇంటికాడే కొలత తీసుకొచ్చేనమ్మా, రాసుకో," అంటే, "తొడుక్కునీది మీ ఇల్లు కాదు కదండీ," అని టేపు విప్పింది.

ఒక్కడికి మాత్రం పెట్టలేదు. మొగుడికి.

సన్యాసిరావు బెల్లం మార్కెట్లో కళాసీ. దిమ్మలు మోసి మోసి పలకలా తేరిన ఛాతీ. వేసవిలో దగ్గు పట్టుకుంది. పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల ఫోటో వెలుతురుకి ఎత్తి చూసి, ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు. వానలు తగ్గేసరికి అతనికి చలి మొదలైంది. ఫ్యాను ఆపినా చలే. ఎండలో మంచం వేసినా చలే.

"ఊరందరికీ అల్లుతావు. నాకో సొట్టరు అల్లవేటే?" అన్నాడు దసరాకి ముందు.

గోధుమరంగు ఊలు తెచ్చి ఆ రోజే నమూనా అల్లింది. అంగుళానికి ఐదు కుట్లు. టేపు తియ్యబోతే అతను నవ్వాడు.

"నా కొలత నీకు తెల్దేటి? పెళ్ళినాటి నుంచీ నలభయ్యే."

అప్పటికే చొక్కా భుజాల మీంచి జారుతోంది.

"తెలకేటి మావా," అని టేపు మళ్ళీ మెడలో వేసుకుంది రత్నం. ఛాతీ నలభై అంగుళాలు, రెండు వందల కుట్లు. లెక్కలో తప్పు లేదు.

స్వెట్టరు నిన్నటితో అయింది. బొత్తాలు కుట్టాలంతే.

"రత్నమ్మా, అయిందా నా శాంపిలు?" అంటూ బ్యాంకు ఆఫీసరు గారి భార్య శాంతి షాపు మెట్లెక్కింది. కూతురి స్వెట్టరు కోసం ఇంగ్లీషు అల్లికల పుస్తకం తెచ్చిచ్చిన మనిషి. ఆవిడకీ అల్లడం వచ్చు. సగంలో విసుగొచ్చి వదిలేసిన స్వెట్టర్లతో బీరువాలో ఒక అర నిండిపోయిందని ఆవిడే చెప్పింది. మోకాలి మీది ముక్క తీసుకుని టేపు పెట్టింది.

"పుస్తకంలో అంగుళానికి ఐదు కదా. నీది ఆరు పడుతోందే!"

"పడదమ్మా. నా సెయ్యి ఐదే."

"నువ్వే చూడు."

రత్నం లెక్కపెట్టింది. ముక్క తిప్పి ఇంకోచోట లెక్కపెట్టింది.

"కళ్ళు చూపించుకో," అన్నాడు త్రినాధరావు, కొత్త సెల్‌ఫోను పట్టుకుని గుమ్మంలో సిగ్నలు వెతుక్కుంటూ.

"కళ్ళు కాదులెండి, చెయ్యి బిగిసింది," అంది శాంతి. "మా అత్తగారు వచ్చి వారం ఉంటే నాకూ ఇంతే. కొంచెం లావు సూదులు తీసుకో, సరిపోతుంది."

రత్నం తన చూపుడువేలు చూసుకుంది. ఊలు ఒరిపిడికి ఎర్రటి గాడి పడి ఉంది. ఎప్పుడు పడిందో తెలీదు. ఇంటి దగ్గరి రెండు వందల కుట్లూ గుర్తొచ్చాయి. ఆరేసి చొప్పున అయితే ముప్పై మూడు అంగుళాలు. నలభై ఛాతీ మనిషికి!

"బాబూ, ఇంటికెల్లొత్తాను. పెద్ద తప్పు సేసేను. మొత్తం ఇప్పీయాల," అంది త్రినాధరావుతో. లావు సూదులు సంచిలో పడేసుకుని గవరపాలెం దారి పట్టింది. విప్పి మళ్ళీ అల్లేసరికి ఎన్నాళ్ళవుతుందో అడుగడుగునా లెక్క వేసుకుంది. అన్నాళ్ళు అతను చలికి ఆగగలడా అన్న చోట లెక్క ఆగిపోతోంది.

గుమ్మంలోనే పక్కింటి బుల్లమ్మ ఎదురైంది.

"ఓలమ్మా, మీ ఆయన ఆగనేదే! సొట్టరు తియ్యి, సొట్టరు తియ్యి అని నా పేణం తీసేడు. నేనే తొడిగేను."

సన్యాసిరావు గోడకి ఆనుకుని మంచం మీద కూర్చున్నాడు. భుజాల దగ్గర భుజాలున్నాయి. ఛాతీ మీద ఎక్కడా ముడత లేదు. బొత్తాలు పడాల్సిన చోట బుల్లమ్మ పిన్నీసులు పెట్టింది. అవీ లాగడం లేదు. స్వెట్టరు చేతులు మాత్రం మణికట్టుకి పైనే ఆగిపోయాయి. ఎముక పొడుగు తగ్గదు కదా.

"సూసేవా? టేపు అక్కర్నేదన్నానా! నలభయ్యే."

"పెళ్ళికొడుకునాగున్నాడు," అంది బుల్లమ్మ.

రత్నం సంచి కింద పెట్టలేదు. మెడలో టేపు కొస చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"కుదిరిందేటి?" అడిగాడు మళ్ళీ.

"సరీగా కుదిరింది మావా."

"సేతులేటి పొట్టిగున్నాయి?"

"ఫేషను."

అతను నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకుని, "సలి తగ్గిందే," అన్నాడు.

రత్నం సూదిలో దారం ఎక్కించి మంచం పక్కన కూర్చుంది. ఒంటిమీద గుడ్డ ఉండగా కుట్టకూడదని బుల్లమ్మ అడ్డుపడింది. తీస్తే మళ్ళీ చలేస్తుందని అతను ఒప్పుకోలేదు. గొంతు దగ్గర మొదలుపెట్టి ఒక్కో పిన్నీసు తీస్తూ, ఒక్కో బొత్తాం కుడుతూ కిందికి దిగింది. ఎండ గోడ మీంచి మంచంకోడు మీదికి జారింది. అతను మార్కెట్లో ఎవరో బావ సంగతి ఏదో మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. నిద్రపట్టిందనుకుంది. వేళ్ళ కింద ఊలు లేస్తూ దిగుతూ ఉంది. తర్వాత, అది లేవడానికి ఎక్కువసేపు తీసుకుంది.

ఆఖరి బొత్తానికి ముడి వేసి, దారం కొరకడానికి వంగినప్పుడు తెలిసింది.

దారం కొరికింది. సూదిని చెంగుకి గుచ్చుకుంది. అప్పుడు బుల్లమ్మని పిలిచింది.

సాయంత్రం స్నానం చేయించడానికి వచ్చిన మగాళ్ళకి, బిగుసుకున్న చేతుల్లోంచి స్వెట్టరు ఊడిరాలేదు. కత్తెర అడిగారు.

"కోయకండి. అలాగే నీళ్ళు పొయ్యండి," అంది రత్నం.

పెద్దలు గొణిగారు. కొత్త ఊలు కాటికెందుకని బుల్లమ్మ కూడా అంది. రత్నం కత్తెర ఇవ్వలేదు. తడిసి బరువెక్కిన స్వెట్టరుతోనే అతన్ని పాడె మీదికి ఎత్తారు.

వీధి ఖాళీ అయింది. కిటికీ మేకుకి, దసరాకి ముందు తడిపి ఆరేసిన గోధుమరంగు నమూనా ముక్క వేలాడుతూనే ఉంది. అంగుళానికి ఐదు కుట్లు, మెత్తగా, వదులుగా.