అట్ట మీద రెండో పేరు

చిట్టి ఫిడేలు ఆ జారుడు స్వరం దగ్గరికి రాగానే పెదనాన్న చెయ్యెత్తి ఆపేశారు. గాజు అవతల రికార్డింగు చేస్తున్న ఆయన అల్లుడు, చిట్టి బావ, తల పట్టుకున్నాడు. పొద్దుటి నుంచీ ఇదే వరస. చిట్టికి ఇది మొదటి ఆల్బమ్. ఆమెకు కమాను పట్టడం నేర్పిన గురువు పెదనాన్నే. అట్ట మీద ఆయన శిష్యురాలినని వేయించుకోవాలన్నది చిన్నప్పటి కోరిక.

"అది మనది కాదే. కింది వాటా కుట్టుపనావిడ ఏడుపు అది. తీసెయ్," అన్నారు పెదనాన్న.

ఆయన చెవులకు దండం పెట్టాలి. నిజంగానే అది ఆవిడదే. పరాయి దేశం నుంచి వచ్చిన ఆవిడ మిషను తొక్కుతూ తన భాషలో పాడుకునేది. పై స్వరం నుంచి కిందికి జారుతూ, సగం దారిలో కాస్త ఆగేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చిట్టి గుమ్మంలో చతికిలబడి వినేది, మేడెక్కి ఫిడేలు మీద వెతికేది. వెతికీ వెతికీ ఆ జారుడు వేళ్లకు పట్టేసింది.

సరే, పెద్దాయన మాట కాదనలేక ఒక్కసారి అది లేకుండా వాయించింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పెదనాన్న కళ్లు తుడుచుకున్నారు. చిట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింది. ఒళ్లు మండిపోయింది.

"ఇది మీరు వాయించినట్టుంది పెదనాన్నా. ఇందులో నేనెక్కడా లేను."

"అంతకన్నా ఏం కావాలే నీకు?"

"నేను కావాలి. బావా, ఇది చెరిపెయ్. మళ్లీ వాయిస్తాను. అట్ట మీద గురువులు ఇద్దరని వెయ్యి. పెదనాన్న పేరు ముందు, ఆవిడ పేరు తర్వాత."

బావ దగ్గాడు. ఆ ఇంట్లో అల్లుడికి ఉన్న హక్కు అదొక్కటే.

పెదనాన్న మొహం కందగడ్డ చేసుకున్నారు. "ఇన్నేళ్లు కచేరీలు చేసినవాణ్ణి, మిషను తొక్కుకునే ఆవిడ పక్కన నా పేరా? ఆవిడది ఉంటే నాది తీయించెయ్!"

ఆ మాటకు చిట్టి దిగొస్తుందని ఆయన ధీమా. ఇన్నాళ్లూ దిగొస్తూనే ఉంది మరి. ఆ పేరు కోసమే కదా, వేళ్లు కాయలు కాసేలా సాధన చేసింది! చిట్టికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ముక్కు తుడుచుకుని ఫిడేలు భుజానికెత్తుకుంది.

"తీసెయ్ బావా. ఆవిడది ఉంచు," అంది. "పెదనాన్నా, మీరు కూర్చుంటే కూర్చోండి, వెళ్తే వెళ్లండి. నేను వాయిస్తున్నాను."